అంజుమ్ పంపిన నాలుగు పార్సిళ్లు

సిరాజ్ భాయ్ దుకాణంల పనికి కుదిరిన మొదటి దినమే నా చెంప పగిలింది.

ఎవరిదో బనారస్ చీర. నేను తెల్వక బండ కాడికి పట్టుకపోయిన. నీళ్లల్ల ముంచి ఒక్క దెబ్బ కొట్టిన్నో లేదో, ఎనకనుంచి వచ్చి మెడ పట్టి లేపి చెవి కింద ఒక్కటి ఇచ్చిండు. గంట సేపు చెవి గుయ్యిమన్నది.

"పట్టును కొడ్తవారా? పురుగు నోట్లెంచి వచ్చిన దారమది. దాన్ని బండకేసి కొట్టనీకి నీకు చేతులెట్ల వచ్చినయ్‌రా?"

నన్ను కొట్టి, ఆ చీరను మాత్రం పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద ఎత్తుకుని లోపలికి పోయిండు. ఇరవై రెండేండ్ల కింది ముచ్చట. అప్పటిసంది నేను ఆ దుకాణంలనే ఉన్న. బట్టలు కొట్టుడు, గుండిగ కింద మంట పెట్టుడు, ఆరేసుడు నా పని. ఇస్త్రీ, రఫూ, డ్రైవాష్ ఆయన పని.

ఇల్లందుల సిరాజుద్దీన్ అంటే తెల్వనోళ్లు తక్కువ. వాళ్ల నాయిన కాలంల బొగ్గు బాయి ఆఫీసర్ల ఉన్ని కోట్లు ఉతికిన ఇల్లు అది. చిరిగిన బట్టకు అదే బట్టల నుంచి దారం గుంజి, ఆ దారంతోనే నేసి కలుపుతడు. దాన్నే రఫూ అంటరు. చేసినంక ఏలు పెట్టి తడిమినా చిరుగు యాడుందో దొరకదు. ఖమ్మం నుంచి, జూలూరుపాడు నుంచి గూడ జనం పెళ్లి బట్టలు పట్టుకొస్తరు. ఒకసారి తండా నుంచి రూప్లా అని ఒకాయన వాళ్ల అవ్వ కుట్టుకున్న ఫేటియా, లంబాడోళ్ల గాగ్రా, తెచ్చిండు. ఇన్ని అద్దాలు, ఇన్ని గవ్వలు, పదహారు రంగులు. నీళ్లల్ల పెడ్తే ఒక రంగు ఇంకో రంగు మీద ఎక్కుతది. సిరాజ్ భాయ్ తడి గుడ్డతోని, పాత దంతాల బ్రష్షుతోని అద్దం అద్దం చుట్టూ తుడుసుకుంట మూడు దినాలు కూసున్నడు. ఒక్క గవ్వ ఊడలే.

బట్ట మీద అంత ఓపిక. మనిషి మీద మాత్రం చిటికెడు గూడ ఉండేది కాదు.

నాకు ఆయన నేర్పింది చెప్తా. కాటన్‌ను ఎంత కొడ్తే అంత తెల్లగైతది. పట్టుకు కుంకుడు నురుగు సాలు, నీడకే ఆరెయ్యాలె. ఉన్నిని పిండొద్దు. పిండితే కుంచించుకపోయి చిన్నపిల్లల అంగీ అయితది. పాలిస్టర్‌కు మరక జల్దీ పోతది గని వేడి తగిల్తే కరుగుతది. పసుపు మరకను ఎండ తింటది. నెత్తురు మరకకు సల్ల నీళ్లు, ఉప్పు. వేడి నీళ్లు పోసినవా, ఇగ ఆ నెత్తురు బట్టల ఉడికిపోయి కాఫీ రంగు తిరిగి కూసుంటది.

ఇగ అన్నిటికంటె మీదిది ఒకటుంది. మరక ఎట్లైందని గిరాకీని అడగొద్దు.

"తాగి పడ్డ మరక మన కాడికే వస్తది, తన్నులాడిన మరక మన కాడికే వస్తది" అనేటోడు. "అడిగినవనుకో, రేపటిసంది రారు. మనది కడుగుడు పనే దూలయ్యా. అడుగుడు పోలీసోళ్ల పని."

గట్ల ఎన్ని మరకలు కడిగినమో. పండుగ తెల్లారి వచ్చే బట్టలల్ల నాలుగైదు నెత్తురువి ఉంటుండె. ఎవరియో మాకు తెలుసు. ఆ ఆడోళ్లు దుకాణం ముందు నుంచే పోయేటోళ్లు, కొంగు మొఖం మీదికి గుంజుకుని. మేము ఉప్పు నీళ్లల్ల నానబెట్టేటోళ్లం.

కాంట్రాక్టర్ మురళీకృష్ణ ఒకసారి వచ్చి తెల్ల ఖద్దరు అంగీ మొఖం మీదికి ఇసిరి కొట్టిండు. "గంజి ఇదేనా? అట్టముక్క లెక్క పెట్టినవు, మెడ కోసుకపోతుంది" అన్నడు. సిరాజ్ భాయ్ అంగీని మెల్లగ మడతపెట్టి బల్ల మీద పెట్టిండు. పెట్టి, ఇనుప హ్యాంగర్ తీసుకుని మురళీకృష్ణ మూతి మీద కొట్టిండు. రెండు పండ్లు కదిలినయ్. మేము నలుగురం పట్టుకున్నా ఆగలే. "నన్ను తిట్టు, కొట్టు. అంగీని ఇసుర్తవారా!" అని మోరీల దాకా గుంజుకపోయి తన్నిండు. పంచాయతీ రెండు నెలలు నడిచింది. ఊరంత నవ్వింది. ఆయనకు అదొక గొప్ప.

సిరాజ్ భాయ్‌కి ఒక్కతే బిడ్డ, అంజుమ్. దుకాణంల బట్టల మూటల మీదనే పెరిగింది. పదేండ్ల పిల్ల అంగీ వాసన చూసి చెప్తుండె, "చాచా, ఇది మామిడికాయ పచ్చడి నూనె, ఇది బండి చైన్ గ్రీజు" అని. నన్ను చాచా అంటది. సూది పట్టుడు తండ్రి కంటె మంచిగ వచ్చింది. పదో తరగతి కాంగనే ఆయన ఆమెను దుకాణంలకు రానియ్యలే. ఆడపిల్ల బజార్ల కూసోవద్దన్నడు.

రెండేండ్ల కింద ఖమ్మం సంబంధం చేసిండు. పిల్లగాని పేరు ముదస్సిర్. టైల్స్ దుకాణం, మీద ఇల్లు. తల్లి మెహర్, కొడుకు, ఇద్దరే. అంజుమ్ తల్లి జహీదా భాభీకి ఆ సంబంధం నచ్చలే. "వాడు మాట్లాడుతుంటే వాళ్లమ్మ వాని చేతుల దిక్కు చూస్తున్నది, వాని మొఖం దిక్కు చూస్తలేదు" అన్నదంట. ఆయన ఇనలే. నేనే పోయి చూసిన, నేనే చేస్తున్న అన్నడు.

పెళ్లైనంక ముదస్సిర్ తన కోట్లు, షేర్వానీలు బస్సు పార్సిల్ల ఇల్లందుకే పంపుతుండె. మామ దుకాణం గదా, ఉత్తగనే అయితది. అదే సంచిల అంజుమ్ బట్టలు ఒకటో రెండో ఉంటుండె. ఫోన్ చేస్తే వాడే ఎత్తేటోడు. లౌడు స్పీకర్ల పెట్టి ఇచ్చేటోడు. "మంచిగున్న అబ్బా" అనేది. గంతే.

మొదటి పార్సిల్ల ఒక ఆకుపచ్చ కాటన్ కమీజు వచ్చింది. భుజం కాడ చిరిగింది. కుట్టు కాడ కాదు, బట్ట మధ్యల. కుట్టు ఊడుడు వేరు. నేసిన బట్ట మధ్యల చీలిందంటే ఎవడో పిడికిలితోని పట్టి గుంజాలె. సిరాజ్ భాయ్ దాన్ని ఎలుగుకు పట్టి చూసిండు. కిందికి ఏసిండు. మల్ల చూసిండు. సూది తీసుకుని రఫూకు కూసున్నడు. మధ్యాహ్నం దాకా కుట్టి, "చూడు దూలయ్యా, దొరకవట్టు" అన్నడు. నాకు దొరకలే.

రెండో దాంట్ల బాదం రంగు జార్జెట్ దుపట్ట. అంచుకు కాఫీ రంగు మరక, అరచెయ్యంత.

"నెత్తురే భాయ్" అన్న నేను. "ఎవరో వేడి నీళ్లు పోసిన్రు."

"అవ్."

"అంజుమ్ గిట్ల చెయ్యదు గదా."

"వాళ్లత్త చేసి ఉంటది" అన్నడు. మెడికల్ దుకాణం నుంచి పెరాక్సైడ్ సీసా తెప్పించిండు. దూదితోని చుక్క చుక్క అద్దుకుంట మూడు దినాలు ఆ మరకతోని కొట్లాడిండు. ఆయన అంత కష్టపడంగ నేనెప్పుడు చూడలే. నాలుగో దినం మరక లేదు. ఇస్త్రీ చేసి, కాగితంల చుట్టి, వాని షేర్వానీతోని పంపిండు.

మూడో దాంట్ల అంజుమ్ పెళ్లి పట్టు చీర. జరీ అంచు పొడుగూత లేసిపోయింది. ఆ లేసిన జరీ తీగలల్ల ఎంటికలు చిక్కుకున్నయ్. ఒకటి రెండు కాదు, గుప్పెడు. కుదుళ్లతోని వచ్చినయ్. కొసకు తెల్లగ ఉన్నది. నేను వాటిని ఏళ్లతోని ఇడదీయబోయిన. సిరాజ్ భాయ్ పక్కకు జరిపి తనే తీసిండు. తీసి పొయ్యిల ఏసిండు. ఎంటికలు కాలిన వాసన దినమంతా దుకాణంల నిలవడ్డది. గిరాకీలు ముక్కు మూసుకుని, "ఏంది భాయ్, ఏం తగలవెడ్తున్నవ్?" అని అడిగిన్రు. "కాటన్ పీలికలు" అన్నడు.

గప్పుడన్న నేను నోరు తెరవాల్సింది. తెరవలే. జరీ మల్ల మెరిసింది. చీర వాపస్ పోయింది.

నాలుగోది పోయిన ఏడు ఎండకాలంల వచ్చింది. వాని నల్ల షేర్వానీ. చేతి లోపల ఏదో గట్టిగ తగిలింది. గుంజితే నీలి రంగు క్రేపు కమీజు బయటికొచ్చింది, ఉండ చుట్టి దాచిపెట్టినట్టు. పరిచినం. నడుం పక్కన ఇస్త్రీపెట్టె ముక్కు అంత మేర బట్ట కరిగింది. పాలిస్టర్ కరిగితే నల్లగ గట్టి పెంకు అయితది. తిరగేసి చూసిన. లోపలి దిక్కు ఆ పెంకుకు తోలు అంటుకుని ఉన్నది. మనిషి తోలు.

మంచం మీద బట్ట పెట్టి ఇస్త్రీ చేస్తే కాలుతది, ఒప్పుకుంట. కాని తోలు అంటుకోవాలంటె ఆ బట్ట ఒంటి మీద ఉండాలె.

సిరాజ్ భాయ్ మొఖం బూడిద రంగైంది. "పాలిస్టర్‌కు రఫూ పడదు" అన్నడు. "పక్కన పెట్టు."

"భాయ్, లోపలి దిక్కు చూసినవా?"

"చూసిన."

"మరి?"

"గిరాకీ మరక సంగతి మనకెందుకురా?"

"గిరాకీ కాదు భాయ్. అంజుమ్."

బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర బల్ల మీద ఉన్నది. అది వచ్చి నా నొసటికి తగిలింది. నెత్తురు కండ్లల్లకు కారింది. నేను తుడుసుకోలే. ఆ కమీజు తీసుకుని బయటికి నడిచిన. ఎనక నుంచి అరుస్తున్నడు, "దూలయ్యా! అడుగు బయట పెట్టినవో, మల్ల నా దుకాణం ఎక్కకు!" రెండు గల్లీలు దాటితే వాళ్ల ఇల్లు. అడుగులు లెక్కపెట్టుకుంట పోయిన. లేకపోతే ఎనకకు తిరుగుతనని భయం.

జహీదా భాభీ అరుగు మీద కూసుని గోంగూర తెంపుతున్నది. నా మొఖం చూసి, "ఎవరు కొట్టిన్రు?" అన్నది. నేను కమీజు ఇచ్చిన. తిప్పి చూసింది. కరిగిన కాడ ఏలు పెట్టింది. ముక్కు కాడికి తీసుకపోయి వాసన చూసింది. ఏడుస్తదనుకున్న. ఏడవలే.

"ఇది ఎన్నోది?" అన్నది.

"నాలుగోది భాభీ."

"మూడు ఏం చేసిన్రు?"

"కడిగి పంపినం."

గోంగూర గిన్నె కాలితోని ఒక్క తన్ను తన్నింది. అది గోడకు తగిలి ఆకంతా వాకిట్ల పడ్డది. బురఖా ఏసుకుని నాకంటె ముందు నడిచింది.

ఇరవై రెండేండ్లల్ల ఆమె దుకాణం మెట్లెక్కుడు నేను గదే మొదటిసారి చూసిన. వాళ్లు ఇంట్ల ఉర్దూల మాట్లాడుకుంటరు. నాకు అర్థమైతది. కని ఆ దినం ఆమె తెలుగుల మాట్లాడింది, బజారంతా ఇనాలని.

"ఓ సిరాజుద్దీన్! నీ బిడ్డ నీకు ఉత్తరాలు రాస్తున్నది. నువ్వు ఇస్త్రీ చేసి వాపస్ పంపుతున్నవంట?"

"నడిబజార్ల లొల్లి చెయ్యకు. లోపలికి రా."

"నేను రాను. నువ్వు బయటికి రా. వాని ఇస్త్రీపెట్టె నా బిడ్డ నడుం మీద పెట్టిండు. చూసినవా లేదా?"

"చూసిన. మాట్లాడుతా. పెద్దమనుషులను తీసుకుని..."

"ఏ పెద్దమనుషులు? నా నోట్ల పన్ను రాలినప్పుడు వచ్చిన్రు గదా, వాళ్లేనా? సబర్ చెయ్ బేటీ, ఓపిక పట్టు అని చాయ్ తాగిపోయిన్రు. నా జాకెట్ల మీది నెత్తురు నీ చేతులతోనే కడిగినవు, ఎంత సక్కగ కడిగినవ్! అమ్మ నెత్తురు కడిగిన చేతికి బిడ్డ నెత్తురు ఒక లెక్కనా?"

కొట్టిండు. కొడ్తడని నాకు తెలుసు, ఆమెకు గూడ తెలుసు. పెదవి పగిలింది. మెట్ల ముందటి బల్ల మీద ఎవరిదో తెల్ల కాటన్ పంచె ఇస్త్రీకి పరిచి ఉన్నది. దాని మీద మూడు చుక్కలు పడ్డయ్.

అప్పుడు సిరాజ్ భాయ్ ఏం చేసిండో చూడున్రి. ఆమె దిక్కు చూడలే. సల్లనీళ్ల మగ్గు అందుకున్నడు. గిరాకీ పంచె గదా. మరక ఆరకముందే నీళ్లు తగలాలె గదా. చెయ్యి దానంతట అదే పోయింది.

జహీదా భాభీ ఆ చేతి దిక్కు చూసింది. మగ్గు గుంజి కింద కొట్టింది. పక్కన నిప్పులతోని మండుతున్న ఇస్త్రీపెట్టె ఎత్తి ఆ మూడు చుక్కల మీద పెట్టి అదిమింది. బట్ట సుయ్యిమన్నది. నెత్తురు ఉడికిన వాసనొచ్చింది. రెండు చేతులతోని అదిమి పట్టింది, పంచె కాలి, కింద దుప్పటి కాలి, పొగ లేసేదాక.

"ఇప్పుడు కడుగు" అన్నది.

సిరాజ్ భాయ్ ఆ కాలిన తొర్రల ఏలు పెట్టి చూసిండు. బజార్ల జనం నిలవడి చూస్తున్నరు. ఆయన చెప్పులు తొడుక్కుని, "ఖమ్మం బస్సు ఎన్నింటికిరా?" అని నన్ను అడిగిండు.

బస్సుల ముగ్గురం మూడు సీట్లల్ల కూసున్నం. నా నొసటికి భాభీ తన రుమాలు కట్టింది.

మేము పోయేసరికి మధ్యాహ్నం రెండైంది. ముదస్సిర్ అన్నం తిని పుల్లతోని పండ్లు కుట్టుకుంట సోఫాల కూసున్నడు. మమ్ములను చూసి నవ్విండు.

"క్యా మామా, షేర్వానీ నువ్వే పట్టుకొచ్చినవా? పార్సిల్ పంపితే అయిపోయేది గదా. ఈ పట్టీ ఏంది, ధోబీ గూడ జంగ్ చేసొచ్చిండా?"

"బిడ్డ యాడ?" అన్నది భాభీ.

మెహర్ వంటింట్ల నుంచి వచ్చింది. "తలనొప్పని పండుకున్నది. చెప్పకుండ వస్తే ఎట్ల వియ్యపురాలా? కూసోండ్రి, చాయ్ పెడ్తా." ఆమె మాట్లాడుతుంది గని చేతులు కొంగును మెలేస్తున్నయ్.

భాభీ లోపలి అర్ర కాడికి పోయింది. తలుపుకు బయటి నుంచి గడియ ఉన్నది. తలనొప్పి ఉన్న మనిషికి బయటి నుంచి గడియ ఎవరు పెడ్తరు? గడియ తీయనీకి చెయ్యి పెట్టంగనే ముదస్సిర్ లేసి ఆమె బురఖా పట్టి ఎనకకు గుంజిండు. ఆమె టైల్స్ మీద ఎల్లకిల పడ్డది. తల తగిలిన సప్పుడు నాకు ఇంకా ఇనవడుతది.

సిరాజ్ భాయ్ వాని మీదికి దుంకిండు. యాభై ఎనిమిదేండ్ల మనిషి, వాడు ముప్పై ఏండ్లోడు, దినాం టైల్స్ డబ్బాలు మోస్తడు. ముదస్సిర్ ఆయన మొఖం మీద రెండు గుద్దులు గుద్ది, నెట్టుకపోయి, ఆయన కుడిచెయ్యి బయటి తలుపు సందుల పడ్డది చూసి, ఆ తలుపును కాలితోని తన్నిండు. ఒకసారి కాదు. ఏళ్లు పటుక్కుమన్నయ్, ఎండుకట్టెలు ఇరిగినట్టు. సిరాజ్ భాయ్ అరిచిన అరుపు కింద దుకాణంల పనోళ్లకు గూడ ఇనవడ్డదంట. "సూది పట్టే చెయ్యి గదా మామా, ఇగ కుట్టు!" అంటున్నడు వాడు. ఇంకోసారి తన్ననీకి కాలు లేపిండు.

నేను ఎనక నుంచి వాని నడుం పట్టిన. నేను తన్నులాటల మనిషిని కాదు. నా బతుకుల ఒకటే పని చేసిన. తడిసిన బొంతలు, జంపఖానాలు ఎత్తి బండకేసి కొట్టుడు. వాన్ని గూడ గట్లనే ఎత్తిన. గట్లనే కొట్టిన. భుజం నేలకు తగిలి లోపల ఏదో ఇరిగింది. మల్ల ఎత్తిన. వాడు "చాచా, చాచా" అనవట్టిండు. అప్పటిదాంక ధోబీ, అప్పుడు చాచా. మూడోసారి ఎత్తుతుంటే ఎవరో నా చెయ్యి పట్టిన్రు.

అంజుమ్. భాభీ నేల మీద పాక్కుంట పోయి గడియ తీసింది. ఆ పిల్ల పాత కాటన్ నైటీల ఉన్నది. నడుం పక్కన తడి గుడ్డ అదిమి పట్టుకుని వంగి నడుస్తున్నది. నెత్తి మీద ఒక పక్క అరచెయ్యంత ఎంటికలు లెవ్వు.

"చాలు చాచా" అన్నది. "చచ్చిపోతే నువ్వు జైలుకు పోతవు."

సిరాజ్ భాయ్ గోడకు ఆనుకుని కూసున్నడు, ఇరిగిన చెయ్యి ఒడిల పెట్టుకుని. బిడ్డను చూసి ఏదో అనబోయిండు. ఆమె అననియ్యలే.

"నాలుగు పార్సిళ్లు పంపిన అబ్బా. దుపట్టకు వేడి నీళ్లు నేనే పోసిన. పోవద్దని. నీకు తెల్వకుండ ఉండొద్దని. నువ్వు దాన్ని గూడ పోగొట్టినవు." గొంతు పెద్దగ చెయ్యలే. "అది వాపస్ వచ్చిన దినం వాడు ఇప్పి చూసి ఎంత నవ్విండో తెలుసా? మీ అబ్బ చేతిల పనితనం ఉన్నది అన్నడు."

కింద దుకాణం పనోళ్లు, పక్కింటోళ్లు మెట్ల మీద నిండిన్రు. మెహర్ కొడుకు పక్కన కూసుని ఏడుస్తున్నది గని అంజుమ్ దిక్కు చూసి, "పో బేటీ, పో. ఇగ ఉండకు" అన్నది. ఆ మాట అందరికి ఇనవడ్డది.

దవాఖానల నర్సమ్మ, సంపూర్ణ అని పేరు, అంజుమ్ నడుం మీద గుడ్డ తీసి చూసి "యేసయ్యా" అని మొఖం తిప్పుకున్నది. గాయం మీద ఇంకా నీలిరంగు ముక్కలు ఉన్నయ్. కరిగి లోపలికి దిగినయ్. చిమటాతోని ఒక్కొక్కటి తీసింది. అంజుమ్ వాళ్లమ్మ చెయ్యి కొరికింది గని అరవలే. ఇంకో వారం అయితే కుళ్లి లోపలికి పోయేది, బతకకపోయేది అన్నడు డాక్టర్.

స్టేషన్‌ల ఎస్సై మేడం అడిగింది. "మొదటి మూడు బట్టలేవి?"

వాళ్లింట్ల నుంచి తెప్పించిన్రు. బల్ల మీద పరిచిన్రు. ఆకుపచ్చ కమీజు, బాదం దుపట్ట, పట్టు చీర. మేడం ఎలుగుకు పట్టి చూసింది. తిప్పి చూసింది. "వీటి మీద ఏం లేదు గదయ్యా?"

"నేనే తీసిన మేడం" అన్నడు సిరాజ్ భాయ్.

"చిరుగు యాడ?"

ఎడమ చెయ్యి చూపుడు ఏలు పెట్టి చూపెట్టిండు. మేడంకు కనవడలే. ఆయన ఎంత చెప్పినా కనవడలే. ఆఖరికి నోటి మాట రాసుకున్నది. నీలి కమీజు ఒక్కటే సాక్ష్యం కింద సంచిల పెట్టి సీలు ఏసిన్రు.

నా మీద, సిరాజ్ భాయ్ మీద ముదస్సిర్ ఎదురు కేసు పెట్టిండు. తొమ్మిది దినాలు జైల్ల ఉన్నం. బయటికొచ్చేసరికి భాభీ బిడ్డను తీసుకుని ముదిగొండల వాళ్ల చెల్లె ఇంటికి పోయింది. ఇల్లందుకు రాలే. ఇగ రానని కబురు పంపింది. సిరాజ్ భాయ్ కుడిచేతి మూడు ఏళ్లు ముడుచుకోవు. రఫూ బందైంది. ఇప్పుడు దుకాణంల ఉతుకుడు, ఇస్త్రీయే. ఎవరన్న రఫూకు వస్తే, "ముదిగొండ పోండ్రి, నా బిడ్డ చేస్తది" అంటడు. ఆమె అక్కడ కుట్టుమిషన్ పెట్టుకున్నది.

ముదస్సిర్ బెయిల్ మీద బయటికొచ్చిండు. పోయిన నెల కోర్టుల సిరాజ్ భాయ్ సాక్ష్యం అయింది. నేనూ పోయిన. అంజుమ్, భాభీ ఎనక బెంచీల కూసున్నరు. ముదస్సిర్ ముందు బెంచీల, తెల్ల అంగీ ఏసుకుని.

వాని వకీలు లేసిండు. "మీరు డాక్టరా?"

"కాదు సార్. బట్టలు ఉతుకుతా."

"మరి మరక చూసి నెత్తురని, కొట్టిన దెబ్బ అని ఎట్ల చెప్తున్నరు?"

సిరాజ్ భాయ్ చెప్పిండు. కాటన్ ఎట్ల చిరుగుతది, ఎటు గుంజితే దారం ఎటు తెగుతది, నెత్తురు ఉడికితే ఏ రంగు తిరుగుతది, పాలిస్టర్ ఒంటి మీద కరిగితే ఎట్లుంటది. జడ్జిగారు రాసుకునేది ఆపి ఇన్నడు.

"ఇవన్నీ నాకు ఇంట్లనే తెలిసినయ్ సార్" అన్నడు ఆఖరికి. "నా భార్య బట్టల మీద చూసిన. నేను కొట్టినయ్యే."

వకీలు మల్ల అందుకున్నడు. "అన్నీ తెలిసినోళ్లు, బిడ్డను కొడ్తున్నరని తెలిసినోళ్లు, ఎందుకు కడిగిన్రు? ఎందుకు వాపస్ పంపిన్రు? కొట్టలేదు కాబట్టే గదా?"

"భయమైంది సార్."

"ఎవరికి భయపడ్డరు? మా క్లయింట్‌కా?"

"కాదు. అడిగితే ఆమె ఇంటికొస్తది. వస్తే నలుగురు నన్నేమంటరో అని. సంబంధం నేనే చేసిన గదా. కడిగితే నాకు గూడ కనవడకుండ పోతదనుకున్న."

వాయిదా పడ్డది. ఇంకా మెహర్ సాక్ష్యం ఉన్నది. ఆమె కొడుకు దిక్కు చెప్తదో, ఆ దినం అందరి ముందు అన్న మాట చెప్తదో తెల్వదు. మా వకీలు, కేసు మన దిక్కే ఉన్నదంటున్నడు. నీలి కమీజు ఒక్కటన్న మిగిలింది గదా అంటున్నడు.

బయట చెట్టు కింద సిరాజ్ భాయ్ నిలవడ్డడు. అంజుమ్, భాభీ ఆయన ముందు నుంచే పోయిన్రు. అంజుమ్ ఇప్పుడు నిటారుగ నడుస్తున్నది. ఎంటికలు వచ్చినయ్, పొట్టిగ. నన్ను చూసి, "తిన్నవా చాచా?" అన్నది. ఆయనను ఏమనలే. ముదిగొండ ఆటో ఎక్కిన్రు.

మేము ఇల్లందు బస్సు ఎక్కినం. ఊరు దాటినంక సిరాజ్ భాయ్ కిటికీ దిక్కు మొఖం పెట్టి అడిగిండు.

"ఆటో ఎక్కేటప్పుడు నా దిక్కు ఒక్కసారి చూసింది. నువ్వు చూసినవా దూలయ్యా?"

నేను చూడలే. ఆమె గూడ చూడలే.

"చూసిన భాయ్" అన్న.